పేర్లు రాసిన డబ్బలు

నవనీత చేసిన తప్పల్ల ఒక్కటే. డబ్బలకు నంబర్లు పెట్టమంటే మనుషుల పేర్లు పెట్టింది.

మెట్‌పల్లి అవతల వాళ్ల ఊర్ల, పసుపు చేన్లల్ల ఇరవై రెండు డబ్బలు పాతిండ్రు. నేల ఎంత తడున్నదో చూసి రైతులు మీటింగులు పెట్టుకునే రైతువేదిక బంగ్ల మీది పెద్ద డబ్బకు చెప్పుడు వాటి పని. దూరందాక పంపితే బ్యాటరీ గుంజుకపోతదని, ఒక్కో డబ్బ తన ముచ్చట పక్క డబ్బకు చెప్తది, అది ఇంకోదానికి. అట్ల చేతులు మారుకుంట అన్ని ముచ్చట్లు వచ్చి రైతువేదిక పక్కచేను డబ్బ మీద పడ్తయి. ఆ చేను నవనీత బాపు రాయమల్లుది. డిప్లొమా చదివి గీ డబ్బలు చూసుకునే నౌకరి దొరికిన పోరి, ఏ నంబర్ ఎవరిదో రైతులు మర్చిపోతుండ్రని, ఎవరి చేను డబ్బకు వాళ్ల పేరే ఫోన్ల రాసుకున్నది. ఇందుల తప్పేమున్నది అంటరు మీరు. నేను గూడ అదే అందును.

వినాయకచవితి పోయిన వారానికి రాయమల్లు డబ్బ చార్జి నూటికి తొమ్మిదికి దిగింది. అదే వారం రాయమల్లు మంచం పట్టిండు. జరం లేదు, నొప్పి లేదు. జగిత్యాల డాక్టర్ రిపోర్టులన్ని సాఫ్ ఉన్నయన్నడు. మనిషికి మాత్రం గ్లాసు ఎత్తబోతే చెయ్యి వణుకుతున్నది.

"ఏందో బిడ్డా, ఊరందరు నా ఈపు మీదికెల్లి నడుస్తున్నట్టున్నది" అన్నడు.

ఊరందరి ముచ్చట్లు మోస్తున్నది బాపు పేరున్న డబ్బనే గద అని నవనీతకు తట్టింది. ఉరుకి పోయి ఆ డబ్బల కొత్త బ్యాటరీ ఏసింది. పొద్దుగూకేసరికి బాపు లేచి రెండు రొట్టెలు తిన్నడు. రెండొద్దులకు డబ్బ మల్ల తొమ్మిది, బాపు మల్ల మంచం. ఈసారి పేరు చెరిపి నంబర్ రాసింది. బాపు కండ్లు తెరిచే ఉన్నడు గని, ఎవరు పిలిచినా పలుకలే. ఎంటనే మల్ల పేరు రాసింది. డబ్బనే బంద్ చేద్దామంటే చెయ్యి రాలే. సున్నా అయితే ఏమైతదో ఎవరికెరుక?

చార్జి అయిదుకు పడ్డనాడు పళ్లు గిట్టకరిచి దారి మార్చింది. అందరి ముచ్చట్లు బాపు దిక్కు రాకుండ, అవతలి గట్టు లచ్చయ్య డబ్బ దిక్కు మళ్లించింది. ఆ డబ్బ చార్జి తొంభై నాలుగున్నది, తట్టుకుంటడు అనుకున్నది. అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యమైంది, అయినా మార్చింది. పగటికల్ల బాపు చేన్లకు పోయిండు.

నాలుగొద్దులు నవనీత లచ్చయ్య ఇంటి తొవ్వ తొక్కలే. అయిదో దినం లచ్చయ్య పెండ్లాం బాలలక్ష్మే రైతువేదికకు వచ్చింది. కొట్లాటకే వచ్చిందనుకొని నవనీత కుర్చీల నుంచి లేచింది.

"నీ పెదబాపు లేస్తలేడు బిడ్డా" అన్నది బాలలక్ష్మి. "మీ బాపు మీదికెల్లి ఏందో తీసినవట గద, మీ అవ్వ చెప్పింది. నాకేం కోపం లేదు. ఈయన మీదికెల్లి గూడ తియ్యి."

"ఎట్ల తీద్దును పెద్దమ్మా? ఎవరో ఒకరి మీద పడాలె గద."

"నా మీద పెట్టు."

"నీ పేరు మీద డబ్బ లేదే."

"యాడికెల్లి ఉంటది? గుంట భూమి నా పేర ఉంటె గద. నలభై ఏండ్లు గా చేన్ల నడుం వంచిన, ఒక్క కాయిదం మీద నా పేరు లేదు. నువ్వే ఒకటి రాయి."

నవనీత వద్దన్నది, ఏడ్చింది, చేతులు పట్టుకున్నది. ముసల్ది వింటేనా? బీరువల మిగిలిన డబ్బను తీపిచ్చి, నవనీతను వెంటబెట్టుకపోయి, తన చేను గట్టున తనే పాతింది.

నవనీత ఫోన్ల పేరు కొట్టి, దారి మార్చింది. బాలలక్ష్మి, నూటికి నూరు. తెర మీద ముచ్చట్ల దారి చూపే గీతలు ఒక్కొక్కటే లచ్చయ్యను ఇడిచిపెట్టి కొత్త పేరు దిక్కు తిరిగినయి.

బాలలక్ష్మి వంగి చూసింది. "గిదేనా నా పేరు? చేన్లనే ఉన్నదా?"

"చేన్లనే ఉన్నది పెద్దమ్మా."

ముసల్దాని మొఖంల సంబురం పట్టలేదు. ఇంతల ఇంటి దిక్కుకెల్లి లచ్చయ్య ఆమెను పిలుస్తున్న గొంతు వినొచ్చింది.

"లేచిండు" అన్నది బాలలక్ష్మి. అటు పోదామని ఒక్క అడుగేసి ఆగింది. నవనీత చేతిల ఫోన్ల నూరు తొంభై ఎనిమిదైంది.

"నువ్వు పోయి ఆయనకు జర నీళ్లియ్యి బిడ్డా" అన్నది, గట్టు పట్టుకొని మెల్లగ కూసుంట. "నేను కొంచెం ఆగి వస్త."