ఒకే తీరు గొర్రెలు

నా డిగ్రీకి షాద్‌నగర్‌లో దొరికిన ఉద్యోగం గొర్రెల ఫొటోలు దాచడం. నవ్వకండి. మాది గొర్రెలకు బీమా చేసే కంపెనీ. ప్రతి గొర్రె చెవికీ ఒక నంబరు బిళ్ల, మా కంప్యూటర్లో నాలుగు ఫొటోలు. గొర్రె చస్తే ఆ బిళ్ల ఉన్న చెవి కోసి తేవాలి. మేము ఫొటోతో సరిచూస్తాం.

ఊళ్లు పెరిగాయి, ఫొటోలు లక్షలు దాటాయి. వాటిని దాచే సర్వర్ల కిరాయి నెలనెలా పెరిగింది. దాంతో మేనేజరు దివాకర్ సార్ ఒక సాఫ్ట్‌వేర్ తెచ్చాడు. ఒకే ఫొటో రెండుసార్లు ఎక్కితే ఒకటి ఉంచి మిగతావి తుడిచేస్తుంది.

దేవరకొండ మందల దగ్గరికొచ్చేసరికి ముప్పై ఎనిమిది గొర్రెల్ని అది ఒక్కటే అంది. నాకు ఒళ్లు మండింది. అవి మా బాపువి.

"సార్, గివన్నీ వేరే వేరే. గీ బొల్లిదాన్ని నేనే సీసపాలు తాపి పెంచిన."

"నాకైతే అన్నీ ఒక్కతీరుగనే ఉన్నయి మల్లీశ్వరీ. సాయంత్రానికి జాగా ఖాళీ కావాలె."

ఆ వారమే నా ఉద్యోగం పర్మినెంటు కావాలి. చెవులకు బిళ్లలున్నాయి కదా అని సర్దిచెప్పుకుని బటన్ నొక్కాను. ఫొటోలతోపాటు కంప్యూటర్లో ఆ బిళ్లల నంబర్లూ పోతాయని తర్వాత తెలిసింది. అప్పుడు భయపడ్డాను. ఎవరికీ చెప్పలేదు.

వానలు పట్టాయి. రోజూ ఇంటికి ఫోన్ చేసి ముందు గొర్రెలనే అడిగేదాన్ని. "గొర్లకేమైతది, నువ్వు తిన్నవా" అనేది అమ్మ.

గొర్రెల్ని చంపే నీలినాలుక రోగం మా మందకూ వచ్చింది. ఒక సోమవారం పొద్దున బాపు బస్సు దిగి నేరుగా ఆఫీసుకొచ్చాడు. చేతిలో ఉప్పు చల్లిన సంచి. అందులో ముప్పై ఏడు చెవులు.

దివాకర్ సార్ వెతికాడు. "ఐలేశం, నీ పేరు మీద ఒక్కటే గొర్రె ఉన్నది."

బాపు తెర దగ్గరికి వంగి చూశాడు. "గిది మన బొల్లిది. గిదొక్కటే బతికింది."

సార్ కాగితం మీద చనిపోయినవి సున్నా అని రాశాడు.

"తక్కినయి ఎవరు తీసేసిన్రు?" అని బాపు నన్నడిగాడు.

"నేనే."

"మన గొర్లను గుర్తువట్టలేదా బిడ్డా?"

అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. సంచిలోంచి వాసన వస్తోంది.

"గుర్తువట్టిన బాపు."