టీచరమ్మ సాక్ష్యం

ఆ ఊరి చర్చిలో ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఇంట్లో నాలుగు మెతుకులు తక్కువైనా సరే, ఆ పిడికెడు మాత్రం తప్పదు. ఆదివారం ఆ బియ్యమంతా ఒకచోట పోసి వేలంపాట పెట్టి అమ్ముతారు. వచ్చిన డబ్బు ఎవరు మంచాన పడితే వాళ్లకి. అమ్మమ్మల కాలం నుంచీ ఆ కొల్లేటి గట్టు మనుషులకున్న ఇన్సూరెన్సు అదే.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక గొడవంతా ఆ డబ్బు గురించే. ఏలూరులో ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేసే శాలిని లేచి, సంఘంలోని నలభై కుటుంబాలకీ కలిపి ఒక పాలసీ తీసుకుందామంది.

"ఆసుపత్రి ఖర్చులు మునుపట్లా లేవండీ. కిందటేడు ఒక్క ఆపరేషనుకే మన డబ్బంతా అయిపోయింది. రెండోవాళ్లకి జబ్బు చేస్తే పాస్టరుగారు కన్నీళ్లతో ప్రార్థన చేశారు గానీ చేతిలో పెట్టడానికి ఏమీ లేకపోయింది."

ఆరోగ్యశ్రీ కార్డుందిగా అన్నారొకరు. అందులో లేని జబ్బొస్తేనో అన్నారు ఇంకొకరు. అప్పుడు పాపాయమ్మ గొంతు సవరించుకుంది. అరవై దాటినా నెత్తిమీద చేపల గంప దించని మనిషి. ఆవిడ మాట్లాడితే పాస్టరు ఏసుకుమార్ కూడా ప్రసంగం ఆపి వినాల్సిందే.

"రాని జబ్బుకి ముందే కట్టడమేంటండీ? రాకపోతే ఆ డబ్బు ఎవడబ్బ సొమ్మవుద్ది?"

"రాకపోవడమే లాభం పెద్దమ్మా" అంది శాలిని.

"ఏం లాభమో. దేవుడి బియ్యం తీసుకెళ్లి కంపెనీవాళ్ల నోట్లో పోస్తామా? మనకి ప్రార్థనుంది, పిడికెడు బియ్యముంది. మన టీచరమ్మగారి షుగరు ఏ కంపెనీ తగ్గించిందో చెప్పమ్మా."

అందరూ వెనక్కి తిరిగి దేవకుమారి వంక చూశారు. ఆవిడ తలవంచుకుని, ఒళ్లోని ఫారాలు సర్దుకుంది. స్త్రీల సమాజానికి ఆవిడే కార్యదర్శి. దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని, పాలసీ ఖాయమైతే పంపడానికి ఫారాలన్నీ ముందుగానే ఆవిడ చేత రాయించారు. ఉన్న జబ్బు దాస్తే రేపు అవసరానికి పైసా రాదని శాలిని పదిసార్లు చెప్పింది. అయినా దేవకుమారి తన ఫారంలో జబ్బుల గడిలో "ఏమీ లేవు" అని రాసుకుంది.

రెండేళ్ల కిందట ఇరవయ్యొక్క రోజుల ఉపవాస ప్రార్థనలయ్యాక ఆవిడ రక్తపరీక్షలో షుగరు మామూలుగా వచ్చింది. ఆ సంతోషంలో లేచి సాక్ష్యం చెప్పింది. చప్పట్లతో చర్చి దద్దరిల్లింది. మూడు నెలలకి షుగరు తిరిగొచ్చింది. అది చెప్పడానికి మాత్రం ఆవిడ లేవలేదు. దేవుడి ముందు చెప్పిన మాట వెనక్కి తీసుకోవడమెలా? తెలిసినవాళ్లు ఎదురుపడని షాపు చూసి ఏలూరులో మాత్రలు కొని, ఇంట్లో పిడికెడు బియ్యం డబ్బాలో దాచుకుంది. అందులో ఇంకెవరూ చెయ్యి పెట్టరు. ఆ రోజు చెప్పింది నిజమే కదా, తర్వాత సంగతి ఎవరూ అడగలేదు కదా అని తనకు తానే సర్దిచెప్పుకుంది. లోకానికి లెక్కలు నేర్పే టీచర్లు తమ లెక్క దగ్గరికొచ్చేసరికి ఇలాగే తప్పుతారు.

"పాలసీ వద్దన్నవాళ్లు చేతులెత్తండి" అన్నారు పాస్టరుగారు.

చేతులు బిలబిలా లేచాయి. అన్ని చేతులు లేస్తున్నది తన షుగరును చూసుకునేనని దేవకుమారికి తెలిసింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అయినా లేచి నిలబడింది.

"పాస్టరుగారండీ, లెక్కపెట్టకండి. నాదొక మాట. నా షుగరు పోలేదండీ. మూడు నెలలు తగ్గి మళ్లీ వచ్చింది. అప్పట్నుంచీ రోజూ రెండు మాత్రలేసుకుంటున్నాను. ఒకసారి సాక్ష్యం చెప్పిన నోటితో ఈ మాట చెప్పలేకపోయాను."

ఎత్తిన చేతులు ఒక్కొక్కటే దిగాయి. పాపాయమ్మ ఏమంటుందోనని దేవకుమారి అటు తిరిగింది. పాపాయమ్మ వంగి, కుడికాలికి చుట్టుకున్న గుడ్డ విప్పడం మొదలుపెట్టింది. బొటనవేలు నల్లబడి ఉంది. దగ్గరున్నవాళ్లు ముక్కుకి పైటచెంగులు అడ్డం పెట్టుకున్నారు.

"చేప ముల్లు దిగిందండీ. రెండు నెలలైంది, మానట్లేదు."

"మీకూ షుగరుండేది కదా పెద్దమ్మా, పోయిందనే ఫారంలో రాయించారు. మాత్రలు వేసుకోవట్లేదా?" అంది దేవకుమారి.

"మీరు సాక్ష్యం చెప్పిన రోజే కాలవలో పారేశానమ్మా. టీచరమ్మగారికి తగ్గిన షుగరు నాకు తగ్గదా, నా విశ్వాసమేమన్నా తక్కువా అనుకున్నాను."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉండి ఉంటే దేవకుమారి కొంత తట్టుకునేది.

ముందే వచ్చిన జబ్బు గనక ఈ కాలికి ఏ కొత్త పాలసీ పనికిరాదని శాలిని మెల్లగా చెప్పింది. బియ్యం డబ్బు తీయమన్నారు పాస్టరుగారు. దేవకుమారి తన ఫారంలో "ఏమీ లేవు" కొట్టేసి "షుగరు" అని రాసి, అక్కడే వదిలేసి, పాపాయమ్మని ఆటో ఎక్కించుకుని ఏలూరు తీసుకెళ్లింది. ఆవిడ పాదాన్ని దారంతా తన ఒళ్లోనే పెట్టుకుంది.

బొటనవేలు తీసేసి పాదం నిలబెట్టారు డాక్టర్లు. వార్డులో కళ్లు తెరవగానే పాపాయమ్మ, "నా ఫారం కూడా తిరగరాయండమ్మా, ఉన్నదున్నట్టు. నా చెయ్యి దించేశానని పాస్టరుగారికి చెప్పండి" అంది. పాలసీ కట్టారు. కొత్తగా చేరే పిడికెడు బియ్యం డబ్బు సగం దానికి, సగం అది అక్కరకురాని కాళ్లకీ చేతులకీ అనుకున్నారు.

ఇప్పుడు ప్రతి ఆదివారం చర్చి గుమ్మంలో దేవకుమారి "పెద్దమ్మా, మాత్ర వేసుకున్నారా?" అని అందరికీ వినబడేలా అడుగుతుంది. "వేసుకున్నానమ్మా, మీరో?" అంటుంది పాపాయమ్మ. చెప్పులు బయట విడిచే లోపలికి రావాలి కాబట్టి, ఆ నాలుగు వేళ్ల పాదం గడప దాటడం దేవకుమారి చూడక తప్పదు.