జాతర షిఫ్టు

ఇంటర్వ్యూలో ఏం చెప్పాలో నాకు నేర్పింది చెంగమ్మక్కే. అందుకే ఫలితం తెలిసిన మరునాడు ఆవిడకు ఎదురుపడాలంటే భయం వేసింది.

మేమిద్దరం తడ దగ్గర ఫోన్ ఛార్జర్లు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాం. ఆవిడ ప్యాకింగ్ లైన్‌కు లీడర్. నా పేరు తరన్నుమ్, ప్లానింగ్‌లో ఉన్నాను. ఏ సరుకు ఏ రోజు లారీ ఎక్కాలో చూసుకోవడం నా పని. వచ్చే నెల నుంచి ఫ్యాక్టరీ మూత. సూళ్లూరుపేటలో మా ఇంటికి జీతం తెచ్చేది నేనొక్కదాన్నే. ఎక్కడెక్కడో అప్లై చేశాను, ఎవరూ పలకలేదు. చివరికి హైదరాబాదులోని ఒక పెద్ద టెక్నాలజీ కంపెనీ పలికింది. ప్రోగ్రామ్ మేనేజర్ ఉద్యోగం. నాలుగు జట్ల చుట్టూ తిరిగి, అందరినీ బతిమాలి, పని గడువులోగా పూర్తి చేయించాలి. రోజూ నేను వెలగబెడుతున్నది అదేగా అనుకున్నాను. ఆఖరి రౌండు దాకా వెళ్లాను.

"చిక్కొచ్చినప్పుడు ఎట్ల గట్టెక్కించినావో చెప్పమంటారంట అక్కా" అన్నాను క్యాంటీన్‌లో.

"మన జాతర సంగతి చెప్పు పాపా! దానికి మించింది ఇంకేముండాది?" అంది చెంగమ్మక్క.

జాతర సంగతి ఇదీ. వాళ్ల పల్లెలో గంగమ్మ జాతర వస్తే లైన్‌లో సగం మంది రారు. అమ్మవారి పనికి లీవు అడిగేదేంది అంటారు. అడిగితే ఇవ్వరన్నది అసలు సంగతి. ఆ రోజుల్లో మా ముస్లిం పిల్లలు, తమిళ పిల్లలు కలిసి వాళ్ల షిఫ్టు లాగేస్తారు. రంజాన్ నెలలో మా సాయంత్రాలు చెంగమ్మక్క వాళ్లు లాగుతారు, మేం ఇఫ్తార్ వేళకు ఇల్లు చేరతాం. ఎవరికి ఎవరు బదులో అంతా నోటిమాటే. పైవాళ్లకు చెప్పం. సరుకు మాత్రం ఏనాడూ ఆగలేదు.

ఇంటర్వ్యూ రోజు చప్పుడు కాకూడదని అమ్మీ మిక్సీ ముట్టుకోలేదు. కుక్కర్ విజిల్ కూడా తీసి పక్కన పెట్టింది. ల్యాప్‌టాప్‌లో నన్ను ఇంటర్వ్యూ చేసిన ఆవిడ మర్యాదగానే మాట్లాడింది. జాతర కథ ఉత్సాహంగా చెప్పేశాను. ఆవిడ నవ్వింది కూడా.

"ఈ విషయం మీ మేనేజర్‌కు ఎప్పుడు చెప్పారు?" అని అడిగింది.

"చెప్పలేదండీ. అవసరం రాలేదు."

"ఒకవేళ సరుకు ఆగిపోయి ఉంటే?"

"ఆగలేదండీ."

"మీరు లేని రోజున ఈ ఏర్పాటు ఎవరికి తెలుస్తుంది?"

"చెంగమ్మక్కకు తెలుసండీ."

ఆవిడ తల వంచుకుని టైప్ చేయడం మొదలుపెట్టింది. ఆ టకటక వినగానే నా పని అయిపోయిందని అర్థమైంది. అయినా పాపం, ఇంకో అవకాశం ఇచ్చింది. మళ్లీ ఇలాంటిది వస్తే ఏం చేస్తారని అడిగింది. ముందే పైకి చెబుతానని ఒక్క మాట అంటే సరిపోయేది. "ఇదే చేస్తానండీ" అన్నాను. పైకి చెప్పి ఉంటే జాతరకు పోయిన వాళ్లందరినీ ఇంటికి పంపేసేవాళ్లు. ఆ మాట మాత్రం ఆవిడతో అనలేదు.

తర్వాత ఫోన్ వచ్చింది, ఉద్యోగం ఇవ్వలేమని. అందరినీ కలుపుకుపోతారు, కానీ సమస్యను పైవాళ్లకు తెలియకుండా దాచే అలవాటు ఉంది, అన్నారు. దాచడమట! ముందు ఒళ్లు మండింది, తర్వాత ఏడుపొచ్చింది, ఆ తర్వాత ఏమీ అనిపించలేదు. ఇక నన్ను పిలిచేవాళ్లు ఎవరూ లేరు.

మరునాడు పొద్దున ఫ్యాక్టరీ బస్సు కోసం నిలబడితే చెంగమ్మక్క గబగబా వచ్చింది.

"ఏమైంది పాపా?"

"రాలేదక్కా."

"జాతర సంగతి చెప్పినావా?"

"చెప్పినా. శానా మెచ్చుకున్నారు" అని అబద్ధమాడాను.

ఆవిడ మొహం వెలిగిపోయింది. "నేను చెప్పలా! రేపు నన్ను గూడా గుమ్మిడిపూండి కంపెనీ వోళ్లు పిలిచినారు, సూపర్‌వైజర్ పనికి. ఆడ నేనూ అదే చెప్తా సూడు."

"వద్దక్కా" అన్నాను.

"ఏం, ఎందుకు?"

బస్సు వచ్చే వైపు చూశాను. ఆవిడ నన్నే చూస్తూ నిలబడింది. మొహంలో వెలుగు మెల్లగా తగ్గిపోయింది.

"మా జాతర వల్లనే పోయిందా నీకు?"

"కాదక్కా" అన్నాను. నమ్మలేదు.

బస్సెక్కి పక్కపక్కనే కూర్చున్నాం. ఫ్యాక్టరీ గేటు కనిపించాక ఆవిడ నెమ్మదిగా అడిగింది.

"మరి రేపు వోళ్లు అడిగితే నేనేం చెప్పాల పాపా? ఇన్నేండ్లలో మనం మంచిగా చేసింది అదొక్కటే గదా."