సవ్వడి లేని సైకిలు

గుండె ఆపరేషను అయి ఆయన ఇంటికి వచ్చిన తర్వాత ఆ ఇంట్లోకి వచ్చిన మొదటి కొత్త వస్తువు ఒక ఇనుప స్టాండు. ఆవిడ తమ్ముడు దాన్ని భుజాన వేసుకుని మూడంతస్తుల మెట్లూ ఎక్కి, ముందు గదిలో దించి, మంచినీళ్ళయినా అడగకుండా నేల మీద చతికిలబడ్డాడు.

"ఏంట్రా ఇది, బట్టలారేసుకోడానికా?" అంది ఆవిడ.

"కాదక్కా, బావని ఆరేయడానికి."

పడక కుర్చీలో ఉన్న ఆయన నవ్వాడు. నవ్వినట్టు భుజాలు కదిలాయి గాని చప్పుడు లేదు. ఆయన నవ్వు ఎప్పుడూ అంతే. రేడియో స్టూడియోలో రికార్డింగు పని ఆయనది. అద్దానికి ఇవతల కూర్చుని, అవతల మాట్లాడేవాళ్ళ గొంతుల్ని పట్టి భద్రం చేస్తాడు. ఎర్ర దీపం వెలిగాక ఆ గదిలో ఎవరు తుమ్మినా కథ మళ్ళీ మొదటికొస్తుంది. అందుకని ఆయన తుమ్ము కూడా లోపలికే తుమ్ముకుంటాడు. పెళ్ళయిన కొత్తలో ఆవిడ, ఈ మనిషికి నామీద ఏదో అలక ఉన్నట్టుందని నెలంతా మథనపడింది. తలుపులు కూడా చప్పుడు కాకుండా వేసే మనిషి అలిగితే ఎలా కనిపెట్టాలో ఆవిడకు తెలియలేదు మరి.

ఇప్పుడు ఆ పనే చేజారేలా ఉంది. నెలాఖరుకల్లా చేరకపోతే ఆ కుర్చీలో వేరే వాళ్ళను కూర్చోబెట్టి, ఆయనను కింది అంతస్తులో కాగితాల విభాగానికి పంపుతామని పైఅధికారి ఇంటికి వచ్చి, పళ్ళ సంచీ చేతికిచ్చి, ఎంతో మర్యాదగా చెప్పి వెళ్ళాడు. ఆ రోజు ఆయన అన్నం ముందునుంచి సగంలో లేచాడు.

"కాగితాలకి చెవులెందుకు?" అన్నాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. ఆవిడకు మాత్రం ఆ ఒక్క మాటా పొద్దస్తమానం చెవుల్లో తిరుగుతూనే ఉంది.

పనికి పంపవచ్చో లేదో తేల్చవలసింది ఆసుపత్రిలో వ్యాయామం చేయించే ఫిజియో అమ్మాయి. సన్నగా, కళ్ళద్దాలతో, కాలేజీ పిల్లలా ఉంటుంది గాని మాటలో మొహమాటం లేదు. "గుండెని మెల్లగా పనికి అలవాటు చేయాలి అంకుల్. రోడ్డు మీద రద్దీలో వద్దు. ఇంట్లోనే స్టాండు మీద సైకిల్ తొక్కండి. మొదట కాసేపు తేలిగ్గా, మధ్యలో కాస్త బరువుగా, చివర మళ్ళీ తేలిగ్గా. తొక్కుతూ మామూలుగా మాట్లాడగలగాలి. మాట తెగుతోందంటే వేగం ఎక్కువైనట్టే. శనివారం శనివారం నాకో వీడియో పంపండి, చివర్లో చేతి వాచీలో గుండె వేగం ఎంతుందో చూపించండి," అని చెప్పింది.

అందుకే ఈ స్టాండు. తమ్ముడు మెట్ల కింద దుమ్ము పట్టిన ఆయన సైకిలును మోసుకొచ్చాడు. వెనక చక్రం ఇరుసును స్టాండు చేతుల మధ్య బిగించి, చిన్న రోలరును టైరుకు ఆనేదాకా మర తిప్పాడు. వెనక వైపు లేచేసరికి సైకిలు ఏదో పల్లంలోకి దిగుతున్నట్టు ముందుకు వంగింది. ఆవిడ వంటింట్లోంచి పీట తెచ్చి ముందు చక్రం కింద పెట్టింది. కింది వాటా వాళ్ళకు అదురు తెలియకుండా దళసరి చాప పరిచింది. చాప అంచు గోడకు సమంగా లేదని ఒకటికి రెండుసార్లు సర్దింది కూడా.

ఆయన ఎక్కి, హ్యాండిలును రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు.

"ఎక్కడికీ పోదు బావా, తొక్కు."

"అదేరా భయం, ఎక్కడికీ పోదంటే."

నాలుగుసార్లు తొక్కాడో లేదో చక్రం కుయ్యిమంది. ఆయన కాళ్ళు ఆపి చెవి వంచాడు. "వెనక టైర్లో గాలి తక్కువుంది. రోలరు మీద జారుతోంది."

తమ్ముడు టైరు నొక్కి చూసి, "అవును," అని పంపు కోసం కిందికి పరుగెత్తాడు. గాలి కొట్టిన తర్వాత ఆ కుయ్యి పోయి, దూరంగా పిండిమర ఆడుతున్నట్టు సన్నటి మోత మిగిలింది. వెళ్ళబోయే ముందు తమ్ముడు నిలబెట్టే ఫ్యానును ఆయన ముఖానికి ఎదురుగా జరిపి, అక్కను పక్కకు పిలిచాడు.

"రోడ్డు మీదైతే గాలి దానంతటదే కొడుతుంది. ఇక్కడ ఎంత తొక్కినా గాలి పుట్టదు. వేడి ఒంట్లోనే ఉండిపోయి గుండె దడదడలాడుతుంది. ఫ్యాను లేకుండా బావని ఎక్కనివ్వకు."

"నాకు అప్పజెప్పావుగా, నువ్వెళ్ళు," అంది ఆవిడ.

రోజూ పొద్దున ఆయన తొక్కేవాడు. ఆవిడ ఎదురుగా స్టూలు వేసుకుని కూరగాయలు తరుగుతూ కూర్చునేది. మాట తెగుతోందా లేదా చూడాలి గదా. కానీ మాట్లాడని మనిషి మాట తెగిందని ఎలా తెలుస్తుంది?

"ఇవాళ కూర ఏం చెయ్యమంటారు?"

"నీ ఇష్టం."

"అలా కాదు. అది అర ఊపిరి మాట. పొడుగ్గా చెప్పండి."

ఆయన పెడలు తొక్కుతూ ఆలోచించాడు. "నువ్వు ఏం చేసినా నాకు బాగానే ఉంటుంది గానీ, నిన్నటి కూర మాత్రం ఇంకో వారం దాకా కనబడకుండా ఉంటే ఇంకా బాగుంటుంది."

ఆవిడ కత్తి పక్కన పెట్టి నవ్వింది. ఆ వరసలో రోజుకొకటి అడగడం మొదలుపెట్టింది. తనను చూడ్డానికి వచ్చిన రోజు ఏ చొక్కా వేసుకొచ్చారో, స్టూడియోలో అందరికంటే తిక్క మనిషి ఎవరో, తన వదినగారి పాట నిజంగా బాగుండేదా లేక మొహమాటానికి తల ఊపేవారో. వదినగారి పాట సంగతి చెబుతుంటే మాత్రం ఊపిరి కాస్త తడబడింది. ఆవిడ వెంటనే వేగం తగ్గించమంది.

"ఊపిరాడక కాదు, భయమేసి," అన్నాడాయన.

ఇన్నేళ్ళ కాపురంలో రాని మాటలు ఆ చాప మీద వస్తున్నాయి. వాచీలో అంకె కూడా రోజురోజుకూ దిగుతోంది. ఆవిడ గుండె కుదుటపడింది.

అంతా బాగుంది, శనివారం వీడియోలు తప్ప.

శనివారం పొద్దున ఆయన ఆవిడను బజారుకు పంపేసేవాడు. "నీ చెప్పుల చప్పుడు పడుతుంది," అనేవాడు. మొదటి వీడియో చూసి ఫిజియో అమ్మాయి ఫోను చేసి, ఇంకా తగ్గించి తొక్కమంది. రెండో వారం ఆ గొంతులో ఆందోళన దాగలేదు.

"ఆంటీ, అంకుల్ ముఖం ఎర్రగా కందిపోతోంది. చివర అంకె చాలా ఎక్కువుంది. మాట మధ్యలో ఊపిరి అందట్లేదు. వచ్చే వారమూ ఇలాగే ఉంటే నేను సరేనని రాయలేను. పెద్ద డాక్టరుగారికి మళ్ళీ చూపించాలి."

"రోజూ బాగానే తొక్కుతున్నారమ్మా. నేను ఎదురుగానే కూర్చుంటాను."

"నేను చూసింది అలా లేదు ఆంటీ."

ఆవిడ ఫోను పెట్టేసింది. గుమ్మం దగ్గర నిలబడి ఆయన అంతా విన్నాడు. ఆ చెవులకు వినపడనిదేముంది? వెళ్ళి పడక కుర్చీలో కూర్చుని, దినపత్రికను తిరగేసి పట్టుకుని చదవసాగాడు.

మనసు బాగాలేనప్పుడు వంటిల్లు తుడవడం ఆవిడ అలవాటు. తుడుస్తూ తుడుస్తూ ఫ్రిజ్జు కింద నీళ్ళు చూసింది. పోయిన శనివారం కూడా సరిగ్గా ఇక్కడే తుడిచింది. తలుపు తీసి చూస్తే ఐసుగడ్డలు సగం కరిగి, మళ్ళీ వంకరగా గడ్డకట్టి ఉన్నాయి. కరెంటు పోలేదే అనుకుంది. నీళ్ళు తుడవడానికి పాత దుప్పటి తీసుకుందామని బీరువా తెరిస్తే దుప్పట్ల మధ్యలోంచి టిక్కు టిక్కుమంది. ముందు గదిలో ఉండాల్సిన గోడ గడియారం, రెండు రగ్గుల నడుమ, పసిపిల్లలా చుట్టి పడుకోబెట్టి ఉంది.

ఆవిడ గడియారాన్ని అలాగే ఉంచి, ఫోను తీసి, శనివారం వీడియోను గొంతు పూర్తిగా పెంచి పెట్టింది. రోలరు మోత వినిపించింది. ఆయన గొంతు వినిపించింది. ఇంకేమీ లేదు. ఫ్రిజ్జు గుర్రు లేదు, వీధిలో హారను లేదు, కింది వాటా వాళ్ళ నీళ్ళ పంపు మోత లేదు. ఈ ఇంట్లో ఇంత నిశ్శబ్దం ఎప్పుడుంది? ఆవిడ తెరను కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. కిటికీ తలుపులు మూసి ఉన్నాయి. హ్యాండిలు మీద వేసిన తువ్వాలు కొస రాయిలా వేలాడుతోంది, ఇసుమంత కదలిక లేదు.

ఆవిడ గడియారాన్ని చంకలో పెట్టుకుని ముందు గదిలోకి వెళ్ళింది.

"ఫ్యాను ఎందుకాపారు?"

ఆయన పత్రిక దించాడు. వానలో గొడుగెందుకు వేసుకున్నావని అడిగితే చూసినట్టు చూశాడు. "రికార్డింగు కదా."

"ఫ్రిజ్జు?"

"గుర్రుమంటుంది."

"గడియారం?"

"మాట మధ్యలో టిక్కు పడుతుంది. చాలా అసహ్యంగా ఉంటుంది."

"కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, పొయ్యిలాంటి గదిలో, కుట్లు ఇంకా పచ్చిగా ఉన్న మనిషి!" ఆవిడ గొంతు పైకి లేచింది. "సరే, అవన్నీ ఆపారు. ఊపిరెందుకాపారు?"

"ఊపిరా?"

ఆవిడ వీడియో చూపించింది. ప్రతి వాక్యానికీ ముందు ఆయన పెదవులు బిగుసుకుంటున్నాయి, ఛాతీ కదలడం మానేస్తోంది, మాట అయ్యాక కూడా కాసేపు అలాగే ఉంటోంది. తెర మీద ఎర్ర చుక్క వెలుగుతున్నంతసేపూ అదే వరస. ఆయన తన ముఖాన్ని తానే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"ఎర్ర దీపం వెలిగితే..." అని ఆగాడు. "నాకు తెలీదు. నిజంగా తెలీదు."

"ఆ పిల్ల మీ గుండె చూడ్డానికి అడిగిందండీ, మీ రికార్డింగు మెచ్చుకోడానికి కాదు!"

ఆయన వీడియోను ఇంకోసారి పెట్టి, ఫోను చెవి దగ్గరికి తెచ్చుకుని విన్నాడు. తర్వాత మెల్లగా, "బాగుంది కదా కానీ? సౌండు?" అన్నాడు.

ఆవిడకు కోపం, నవ్వు, ఏడుపు మూడూ ఒక్కసారే వచ్చాయి. ఏది ముందు పంపాలో తేలక గడియారాన్ని తీసుకెళ్ళి మేకుకు తగిలించి వచ్చింది.

ఫిజియో అమ్మాయికి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. అవతలి నుంచి ఆ అమ్మాయి నోరు మూసుకుని నవ్వుతున్న చప్పుడు వచ్చింది. "ఈసారి మీరే తీయండి ఆంటీ. శనివారం ఒకటి, ఆదివారం ఒకటి. ఒక్కదాన్ని చూసి నేను నమ్మను."

శనివారం ఆవిడ బజారుకు వెళ్ళలేదు. కిటికీలు రెండూ బార్లా తీసింది. ఫ్యాను పూర్తి వేగంలో పెట్టింది. ఎర్ర చుక్క ఆయనకు కనబడకుండా ఫోనును తిప్పి పట్టుకుంది. పొయ్యి మీద కుక్కరు సంగతి మాత్రం నిజంగానే మరిచిపోయింది.

"మొదలుపెట్టండి."

ఆయన తొక్కసాగాడు. వీధిలో ఎవరో బండి స్టార్టు చేస్తుంటే అది దగ్గి దగ్గి ఆగింది. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

"నన్ను చూడండి. రోడ్డును కాదు. సోమవారం స్టూడియోకి వెళ్తే మొదట ఏం చేస్తారు?"

"మైకు తీగలు చూస్తాను. నేను లేనప్పుడు ఎవరు చుట్టిపెట్టారో, ఎన్ని ముళ్ళు వేశారో..." కుక్కరు కూత వేసింది. ఆయన నొప్పి తగిలినట్టు కళ్ళు మూసుకున్నాడు. "అయ్యో, సరిగ్గా మాట మీద!"

"పడనివ్వండి. తర్వాత?"

"తర్వాత కుర్చీ ఎత్తు సరిచేసుకుంటాను. ఎవరో ఒకరు దాన్ని కిందికి దించేసి ఉంటారు." కింది వాటా పంపు మోగింది. "ఇదేం రికార్డింగే, చేపల బజారులా ఉంది! మా దగ్గర ఎవరైనా ఇలా తెచ్చిస్తే మళ్ళీ గడప తొక్కనివ్వను."

ఫ్యాను గాలికి తువ్వాలు ఎగురుతోంది. నుదుటి మీద చెమట ఉంది గాని ముఖం కందలేదు. ఆ వాక్యమంతా ఆయన ఒక్క ఊపులో, ఎక్కడా తెగకుండా అన్నాడు. ఆవిడ ఫోనును ఇంకాస్త దగ్గరికి జరిపింది.

"తిట్టండి. ఇంకా తిట్టండి," అంది.

ఆదివారం వీడియో కూడా అలాగే వచ్చింది. సాయంత్రం ఫిజియో అమ్మాయే ఫోను చేసింది.

"ఆంటీ, ఒక్క ముక్క వినబడలేదు, తుఫానులో తీసినట్టుంది. కానీ చూడాల్సింది చూశాను, అంకె కూడా బాగుంది. రేపటి నుంచి ఒంటిపూట పనికి వెళ్ళొచ్చు. రెండు వారాలయ్యాక మళ్ళీ చూద్దాం. మెట్లు ఆగి ఆగి ఎక్కమనండి. సైకిల్ మాత్రం మానొద్దు."

ఆవిడ చెప్పాల్సిన అవసరం లేకపోయింది. వెనక్కి తిరిగేసరికి ఆయన గదిలో లేడు. స్నానాల గదిలో కొళాయి నీళ్ళు పడుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. ఆవిడ పిలవలేదు. కాసేపటికి ముఖం కడుక్కుని, కళ్ళు తుడుచుకుని వచ్చి, బీరువా తెరిచాడు.

"నా గీతల చొక్కా ఎక్కడుంది?"

"రేపు పొద్దున్న కదండీ వెళ్ళేది."

"తెలుసు. ఎక్కడుంది?"

తీసి ఇచ్చింది. అప్పుడే వేసుకుని అద్దం ముందు నిలబడ్డాడు. మెడ దగ్గర చొక్కా వదులై, రెండు వేళ్ళు దూరేంత సందుంది. ఆపరేషనుకు ముందు అది సరిగ్గా సరిపోయేది. ఆవిడ సూదీ దారం తెచ్చి, ఆయనను దీపం కిందికి జరిపి, పై బొత్తాన్ని కోసి కాస్త లోపలికి జరిపి కుట్టసాగింది.

"కదలకండి, గుచ్చుకుంటుంది."

"ఎవరు చూస్తారే, అద్దం వెనకాల కూర్చునేవాణ్ణి?"

"నేను పంపేటప్పుడు నేను చూస్తాను," అంది ఆవిడ, దారం పంటితో తెంపుతూ. "ఏదీ, బొత్తం పెట్టుకోండి."

ఆయన పెట్టుకున్నాడు. సరిపోయింది.