రెండు పక్షాల సాక్షి

మా ఆయన చంద్రమౌళి మీద నాకున్న ఫిర్యాదు చిన్నదే: ఆయనకు ఇంట్లో కూర్చోవడం రాదు. జనగామలో ఎవరింట్లో గొడవైనా ముందు గుమ్మం దగ్గర ఆయన చెప్పులు మాయమవుతాయి, వెనకే ఆయనా మాయమవుతాడు. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కొన్నాళ్ళు జైల్లో ఉండి వచ్చాడు. వెళ్ళేటప్పుడు మామూలు మనిషి, వచ్చేటప్పుడు పెద్దమనిషి. నేను ఆ ఏడాది మూతపడ్డ కాలేజీ తెరిచేదాకా ఆగి బీఏ పూర్తి చేశాను. నన్ను మాత్రం ఎవరూ పంచాయతీకి పిలవలేదు. ఊళ్ళో అన్నదమ్ములకు పొలాలు పంచి వచ్చే మనిషి, వంకాయ వండనా బీరకాయ వండనా అంటే "నీ ఇష్టం" అంటాడు.

ఆయన తీర్చిన పంచాయతీల్లో సొంత చెల్లెలు సరళది కూడా ఉంది. గంగారంలో సర్కారు కొలువు చేసే గోవర్ధన్‌కు ఆమెను ఇచ్చి చేసింది ఆయనే. గోవర్ధన్‌కు కోపం వస్తే చెయ్యి లేచేది. రెండోసారి చెంప వాచి వచ్చాక సరళ ఇక వెళ్ళలేదు. స్టేషన్ ఘన్‌పూర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని, కుట్టు మిషన్ పెట్టుకుని, బిడ్డ అరుణతో ఉంటోంది. పెద్దమనుషులు కూర్చుని ఎప్పటి తీర్పే చెప్పారు. విడిపోయిన మొగుడూ పెళ్ళాలు ఎదురుపడొద్దు. పిల్ల ఖర్చు తండ్రి నెలనెలా మధ్యవర్తి చేతికివ్వాలి. మధ్యవర్తి తల్లికి చేర్చాలి. మధ్యవర్తి ఎవరని అడక్కండి.

గోవర్ధన్ నెలకోసారి మా ఇంటికి వచ్చేవాడు. నేను చాయ్ ఇచ్చి లోపలికి వచ్చేయాలి. పంచాయతీ మాటల దగ్గర ఆడవాళ్ళు ఉండకూడదట. అతను వెళ్ళాక ఈయన తల అడ్డంగా ఊపేవాడు.

"ఈ నెల గూడ ఉత్త చేతులే. వచ్చే నెల అంటున్నడు."

ఆ మాటే నేను సరళకు చేరవేసేదాన్ని. ఆమె గోవర్ధన్‌ను తిట్టేది, నేను వంత పాడేదాన్ని. ఒక్క మిషన్ మీద కిరాయీ తిండీ వెళ్ళక ఆమె చివరికి అరుణను బడి మాన్పించింది. ఏడో తరగతి చదవాల్సిన పిల్ల తల్లి పక్కన కూర్చుని జాకెట్లకు హుక్కులు కుట్టసాగింది. అప్పుడు సరళ మా అందరికీ చెప్పి, జనగామ కోర్టులో పిల్ల పోషణ ఖర్చు కోసం కేసు వేసింది.

నోటీసు అందిన గోవర్ధన్ ఊగిపోతూ మా ఇంటికి వచ్చాడు. ఆ వేళకు ఈయన లేడు.

"అక్కా, నీ ఆడబిడ్డ మామూలుది కాదు. నెలనెల పైసలు తీసుకుంట, ఇయ్యలేదని కేసేసింది! నా పైసలు తిని నా బిడ్డతోని హుక్కులు కుట్టిస్తదా? నేను గూడ వకీలును పెట్టిన. పిల్లను నాకే ఇయ్యమంట."

"పైసలు ఎవరి చేతికిచ్చినవ్ తమ్మీ?"

"ఇంకెవరికి, బావ చేతికి. నువ్వు చాయిచ్చి లోపలికి పోయినంక ఇస్తుంటి. బావనే నా సాక్షి."

చేతిలో బియ్యం చాట కింద పెట్టేశాను. సరళ తన సాక్షిగా రాయించిన పేరు కూడా ఆయనదే. మొగుడు ఇవ్వని సంగతి కళ్ళారా చూసిన మనిషి అన్న ఒక్కడే అని ఆమె నమ్మకం.

ఆయన వచ్చాక నేనేమీ అడగలేదు. ఆయన తృప్తిగా తిని, మజ్జిగ పలుచగా ఉందన్నాడు. అన్నాళ్ళూ ఆయన తన అబద్ధాన్ని నా నోటితో ఆడించాడు.

వాయిదా రోజున అన్నం, పప్పు క్యారియర్లో సర్దుకుని కోర్టుకు వెళ్ళాను. సరళ, అరుణ గేటు దగ్గర. గోవర్ధన్ కోర్టు వెనక మంచినీళ్ళ నల్లా దగ్గర. ఆ ఇద్దరూ కలవకుండా మా ఆయన మధ్యలో పచార్లు చేస్తున్నాడు. ఇంట్లో అంత నడవగా నేనెప్పుడూ చూడలేదు.

"ఏందే, నువ్వెందుకొచ్చినవ్?"

"సాక్షులకు ఆకలైతది గదా. అండ్ల మీరు ఇద్దరు సాక్షుల పెట్టు."

వరండా చివర విస్తళ్ళు ఒకే వరసలో వేసి అందరినీ పిలిచాను.

"వాళ్ళిద్దరు ఒక్క తాన కూసోవద్దని తీర్పున్నది," అన్నాడు ఆయన, గొంతు తగ్గించి.

"తీర్పు మీది. అన్నం నాది."

గోవర్ధన్ వస్తూనే అరుణ చెయ్యి పట్టుకోబోయాడు. సరళ పిల్లను వెనక్కి లాక్కుంది.

"రూపాయి ఇయ్యనోనికి బిడ్డ గావాల్నా?"

"ఇయ్యలేదా? నెల తప్పకుంట ఇచ్చిన! తిన్నది నువ్వు!"

"నేనా?"

"కొట్లాడకుండ్రి," అన్నాను, పప్పు వడ్డిస్తూ. "మీ సాక్షి ఈన్నే ఉన్నడు. అడుగుండ్రి."

ఇద్దరూ ఆయన వైపు తిరిగారు. ఆయన నా వైపు చూశాడు. నేను గరిటె వైపు చూశాను.

"పైసలు యాడికి పోలే," అన్నాడు చివరికి. "బీరువల ఉన్నయి. ఒక్క నోటు ముట్టలే."

"బీరువల?" సరళకు అర్థం కాలేదు.

"తిప్పలైతె మళ్ళ మొగుని దగ్గరికి పోతవనుకున్న. చేతిల పైసలాడితె ఇగ పోవు గదా. నీ కాపురం నిలవెడదామనే చెల్లే..."

సరళ అన్న ఎదురుగా వచ్చి నిలబడింది.

"తిన్నా బాగుండు అన్నా. అవుసరముండి తిన్నడు అనుకుందు. నా బిడ్డ బడి మానేస్తుంటె బీరువకు తాళమేసి చూస్కుంట కూసున్నవా? ఈని చెయ్యి రెండుసార్లే లేసింది నా మీద. నువ్వు నెలనెల కొట్టినవ్."

గోవర్ధన్ తల దించుకున్నాడు. మా ఆయన అరుణ తల మీద చెయ్యి వేయబోయాడు. పిల్ల తల్లి చాటుకు జరిగింది. ఆ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. విస్తళ్ళలో అన్నం ఎవరూ ముట్టలేదు.

అంతలో బంట్రోతు వచ్చి కేసు పిలిచాడు.

లోపల, వరండాలో జరిగింది తెలియని గోవర్ధన్ వకీలు ఉత్సాహంగా లేచాడు. తల్లి డబ్బు తీసుకుని దాచిందని, పిల్లను తండ్రికి అప్పగించాలని చెప్పి, మా ఆయనను బోనెక్కించాడు. పంచాయతీల్లో ఖంగున మాట్లాడే మనిషిని గట్టిగా చెప్పమని జడ్జిగారు అన్నారు.

"సరళకు ఒక్క పైస ముట్టలేదు సార్. గోవర్ధన్ ఇచ్చిన మాట నిజమే. మధ్యల ఆపింది నేను. పిల్లను తల్లి కాడ్నుంచి గుంజకుండ్రి. తప్పు జేసిన సార్. తప్పు నాది."