పెళ్లికి రెండు గీతలు

వేంకటాచలం మాస్టారూ, జెనెటిక్స్ పేపర్లో మమ్మల్ని ముంచింది మీరు. బోర్డు నింపి, చెరిపేసి, అర్థమైందిగా అని వెళ్లిపోయే కాలేజీ లెక్చరర్లది కూడా తప్పే. కానీ మా ఇళ్లలో దేవుడన్నది వాళ్లని కాదు, మిమ్మల్ని. అందుకే ముందు మిమ్మల్నే అడుగుతున్నాను.

ఈ గల్ఫు దేశంలో శుక్రవారం సెలవు. పొద్దుటే రిఫాలో మీ ఫ్లాటు కింద మా నాన్నలు కార్లాపి మమ్మల్ని దింపేవారు. మీరు లెక్క చేయడం నేర్పలేదు, టైపులు నేర్పారు. బఠానీ మొక్కలైతే టైపు వన్. రక్తం గ్రూపులైతే టైపు టూ. వంశవృక్షం పటమైతే టైపు త్రీ: కోడలు పరాయింటి పిల్ల, ఆమెలో జబ్బు జన్యువు లేదు, బిడ్డకు జబ్బు రాదు, జవాబు సున్నా. అంతే, బట్టీ.

పరీక్షలో పటం రానే వచ్చింది. తాతలో జబ్బు జన్యువు ఒకటి దాగి ఉంది; తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తేనే జబ్బు. ఆయన మనవడికి పెళ్లయింది. పుట్టే బిడ్డకు జబ్బు వచ్చే అవకాశమెంత? పటంలో మొగుడికీ పెళ్లానికీ మధ్య ఒక గీత ఉంటుంది. ఈ పెళ్లికి మాత్రం రెండున్నాయి.

"జిరాక్సులో రెండుసార్లు పడిందిలే," అన్నాడు బయటికొచ్చాక మన బ్యాచ్ జస్వంత్.

అందరం అదే అనుకున్నాం. అందరం టైపు త్రీ దించాం. అందరం పోయాం. సప్లిమెంటరీలో కూడా పోతే కోర్సులోంచి పేరు కొట్టేస్తారు.

"ఆ రెండు గీతలేంటండీ మాస్టారూ?" అనడిగాను.

మీరేమన్నారు? "అడ్డమైన ప్రశ్నలు మాని టైపు త్రీ చదువు. ఆడపిల్లలకి లెక్కలెక్కవమ్మా, బోటనీకి మారిపో."

ఒళ్లు మండిపోయింది. వంటింట్లో కూర్చుని ఆ పటం మళ్లీ గీసి, పెళ్లికూతురి నుంచి పైకి గీత పట్టుకుపోయాను. వాళ్ల నాన్న, ఆ పైన తాత. పెళ్లికొడుకు నుంచి పోయాను. వాళ్లమ్మ, ఆ పైన అదే తాత!

అమ్మ తొంగిచూసింది. "ఏమే కిరణ్మయీ, నా పెళ్లి గీస్తున్నావా?"

రెండు గీతలంటే మేనరికం! అమ్మానాన్నలది మేనరికం. జస్వంత్ వాళ్లదీ అంతే. అలాంటి ఇళ్ల పిల్లలం, మేనకోడల్ని పట్టుకుని పరాయిపిల్ల అని రాసొచ్చాం!

తాత గ్లాసులో జబ్బు జన్యువుకి ఒక నల్ల మినపగింజ, మంచి జన్యువుకి ఒక బొబ్బరగింజ వేశాను. బయటినుంచి వచ్చినవాళ్ల గ్లాసుల్లో అన్నీ బొబ్బర్లే. అమ్మని కళ్లు మూసుకుని తీయమన్నాను.

"నల్లది మీ నాన్న చేత తీయించు, ఆయనకే వస్తుంది," అంది.

నల్లగింజ కొడుక్కి వచ్చే అవకాశం సగం. కొడుకు కూతురికి సగంలో సగం. కూతురి వైపు మనవడికీ అంతే. ఇద్దరిలోనూ అది ఉండాలి, ఇద్దరూ బిడ్డకి దాన్నే ఇవ్వాలి, దానికీ ఒక్కొక్కరికి సగం. గుణిస్తే అరవైనాలుగులో ఒకటి. సున్నా కాదు మాస్టారూ!

జస్వంత్‌కి ఫోన్ చేసి చెప్పాను. "మాస్టారికంటే నీకెక్కువ తెలుసా?" అని నవ్వాడు.

సప్లిమెంటరీలో పటం మారింది. ఈసారి జన్యువు తల్లీకూతుళ్లలో దాగి ఉంది, ఆ కూతురి పెళ్లికి రెండు గీతలు. గ్లాసులు తలుచుకుంటూ మొదటినుంచీ చేశాను, జవాబు వేరే వచ్చింది, పాసయ్యాను. జస్వంత్ టైపు త్రీ రాశాడు. వాడి పేరు కొట్టేశారు.

ఈ శుక్రవారం మీ ఇంటికొస్తే కొత్త పిల్లలకి ఏం చెబుతున్నారు? "మన కిరణ్మయి పాసైంది. రాసుకోండి, టైపు ఫోర్: రెండు గీతలుంటే అరవైనాలుగులో ఒకటి."

నేను చెమటోడ్చి చేసిన లెక్కని కూడా బట్టీ చేసేశారు! జన్యువు ఎవరిలో ఉందో మారితే జవాబు మారదా?

చెరపండి. టైపు ఫోరే కాదు, అన్నీ చెరపండి. పెన్ను పిల్లల చేతికివ్వండి. పటం వాళ్లు గీయాలి, తప్పులు వాళ్లు చేయాలి, మీరు జవాబు చెప్పకుండా పక్కన కూర్చోవాలి. రేపు శనివారం కాలేజీ తెరవగానే నాతో రండి. జస్వంత్‌కి తప్పు నేర్పింది నేనేనని మీ నోటితో చెప్పి, వాడికి ఇంకోసారి పరీక్ష పెట్టమని అడగండి.