కిష్టన్న బండ

1997లో మాదాపూర్‌లో ఒక సైటుకి నేను ఇంజనీరుని. పేరు యజ్ఞనారాయణ, ఊరు గుడివాడ, కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు నాలుగింటికి విదేశీ కంపెనీవాళ్లు స్థలం చూడటానికి వస్తారు. ఈలోగా నడిమధ్యనున్న బండ లేచిపోవాలి, లేకపోతే నా ఉద్యోగం లేచిపోతుందని మేనేజరు పొద్దున్నే చెప్పాడు.

మూడున్నరయింది. బండకి తొలిచిన రంధ్రాల్లో మందు దట్టించారు, వత్తి పెట్టారు, కూలీలందరూ దూరంగా వెళ్లిపోయారు. అగ్గిపెట్టె పట్టుకున్న మల్లయ్య మాత్రం కదలడు.

"ఏమయ్యా, ముహూర్తం పెట్టించాలా?" అన్నాను.

"జర ఆగుండ్రి సార్. మా కిష్టన్నను పిలవాలె."

ఆ కథ మల్లయ్య నాకు చాలాసార్లు చెప్పాడు. నూట నలభై ఏళ్ల కిందట కిష్టన్న తెల్లదొరల మీద తిరగబడి, వాళ్ల మందుగుండు ఎత్తుకొచ్చి ఈ బండ కింది గుహలో దాచాడట. ఫౌజు చుట్టుముట్టింది. కాలికి తూటా తగిలి తను నడవలేడు. తోటివాళ్లందరినీ పంపేశాడు. తెల్ల సిపాయిలు గుహలోకి చొరబడగానే బయట వత్తి దగ్గర దాక్కున్న తమ్ముడికి కేకేశాడు: "తెల్లోళ్లొచ్చిండ్రు. ముట్టియ్యి, తమ్మీ!"

తమ్ముడు ముట్టించాడు. సిపాయిలతోపాటు అన్నా చనిపోయాడు, బండ మాత్రం చెక్కుచెదరలేదు. ఆ తమ్ముడి వంశమే మల్లయ్యది. అప్పటినుంచి ఆ ఇంటి మగవాళ్లు ఎక్కడ ఏ బండ పేల్చినా ముందు అన్నను బయటికి పిలుస్తారు. ఈ బండ జోలికి మాత్రం ఇంతవరకూ ఎవరూ రాలేదు.

"కిష్టన్నా, బయటికి రా!" మల్లయ్య మూడుసార్లు అరిచాడు.

లోపల్నుంచి సన్నగా, దగ్గుతూ ఎవరో అడిగారు. "తెల్లోళ్లు పోయిండ్రా?"

మల్లయ్య చేతిలోంచి అగ్గిపెట్టె జారిపడింది. "ఇన్నేండ్లల్ల ఎన్నడు పలుకలే, సార్."

కూలీలెవరో వేళాకోళం చేస్తున్నారనుకున్నాను. తిట్టుకుంటూ వెళ్లి గుహలోకి తొంగిచూశాను. లోపలిదాకా ఎండ పడుతోంది. ఒట్టి దుమ్ము తప్ప ఎవరూ లేరు. ఆ దుమ్ములో ఒక పాదం గుర్తు, పక్కనే కాలీడ్చిన గీత ఉన్నాయి. నేను చూస్తుండగానే ఇంకొక గుర్తు పడింది.

"పోయారు బాబూ," అన్నాను. "స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్లయింది. మీరు బయటికి రావచ్చండి."

ఎలా అన్నానో నాకే తెలియదు. రమ్మన్నారేగాని, ఇన్నేళ్లలో ఈ ముక్క ఆయనకి చెప్పినవాళ్లే లేరు, పాపం.

అడుగులు నన్ను దాటుకుని ఎండలోకి వచ్చాయి. మల్లయ్య భోరున ఏడుస్తూ, తలగుడ్డ విప్పి దారిలో పరిచాడు. "రా అన్నా, ఇంటికి పోదం." గుడ్డ మీద పాదం అచ్చు పడింది.

అంతలో కింద కారు ఆగింది. నాలుగింకా కాలేదు. ముగ్గురు తెల్లవాళ్లు దిగి, బండకేసి చెయ్యి చూపిస్తూ పైకి ఎక్కిరాసాగారు.

గుడ్డ ముడతపడింది. అడుగులు వెనక్కి తిరిగి, కాలీడ్చుకుంటూ గుహలోకి వెళ్లిపోయాయి.

"అయ్యో, ఆగండి! వాళ్లు వీళ్లు కాదండీ!" అని అరిచాను.

ఈసారి లోపల్నుంచి గట్టిగా వినిపించింది. "తెల్లోళ్లొచ్చిండ్రు. ముట్టియ్యి, తమ్మీ!"

మల్లయ్య కళ్లు తుడుచుకుని నేల మీది అగ్గిపెట్టె తీశాడు. "సరే అన్నా," అన్నాడు.

ఉద్యోగం సంగతి మరిచిపోయి రెండు చేతులతోనూ అతన్ని పట్టుకున్నాను. పుల్ల అప్పటికే వెలిగింది.